మూడో క్యాసెట్

1987 ఆగస్టు, రెండో ఆదివారం. నాచారంలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు, చిల్కానగర్ నుంచి లెక్కల మాస్టారు.

డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. తర్వాతి వాక్యాలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. రాసేటప్పటికి నా మోచేయి వాచి ఉంది. కాబట్టి ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

నెలకొక ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, మేము పియానో వినేవాళ్ళం. ఒకే రచనను వేర్వేరు కళాకారులు వాయించిన క్యాసెట్లు పోల్చడం మా పద్ధతి. పేరు కనబడకుండా కాగితం అంటించి తేవాలి. అందరూ తీర్పు చెప్పాకే కాగితం చింపాలి. "పేరు తెలిస్తే చెవి దండం పెట్టేస్తుందండీ" అని మాస్టారు పెట్టిన నియమం అది.

ఆ నెల తీసుకున్నది పంతొమ్మిదో శతాబ్దపు పోలండ్ సంగీతకర్త రచన. చిన్నదే కానీ భారమంతా ఎడమ చేతిది. కుడి చేయి పైన గద్దించి ఆగుతుంటే, ఎడమ చేయి కింద గుట్ట మీంచి బండలు దొర్లినట్టు దూకుతుంది. దాన్ని ఎంచింది నా బావమరిది. అతను చాలా ఏళ్ళు సికింద్రాబాద్‌లో ఒక చర్చిలో పియానో వాయించాడు. అంతకుముందు చలికాలంలో, ఫ్యాక్టరీ ప్రెస్సు కింద అతని ఎడమ చేతి వేళ్ళు రెండు నలిగి తెగిపోయాయి. అప్పటినుంచి పియానో మూత ఎత్తలేదు.

"పుండు మీద కారం నువ్వే జల్లుకుంటవేందిరా" అంది నా భార్య.

మొదటి క్యాసెట్‌లో వాయించినవాడు కత్తి దూసినట్టు దూసుకుపోయాడు. రెండోవాడు కోపాన్ని పళ్ళ మధ్య బిగబట్టాడు. మాస్టారు రెండోవాడి వైపు మొగ్గాడు. మూడోది పెట్టాను. హోరు ఎక్కువ. మావన్నీ రేడియో నుంచి ఎక్కించుకున్నవే కనుక ఎవరమూ పట్టించుకోలేదు. మొదటి దెబ్బకే స్పీకరు గుడ్డ అదిరింది. బావమరిది క్యాసెట్ వైపు చూడడం లేదు, మాస్టారి ముఖం చూస్తున్నాడు.

పాట ముగియగానే మాస్టారు నవ్వాడు. "ఎవడండీ వీడు, రోట్లో మిరపకాయలు దంచుతున్నాడు? ఆ ఎడమ చేతిని కట్టేస్తే గానీ పాట బతకదు."

"ఏమన్నవ్ సార్?" అన్నాడు బావమరిది.

"కట్టేయాలన్నాను. అసలు లేకపోతే ఇంకా హాయి."

స్టీలు చెంబు మాస్టారి కనుబొమ్మను చీల్చింది. కళ్ళజోడు పగిలింది. ఆయన తేరుకునేలోపు బావమరిది మీద పడి, రెండు వేళ్ళు లేని ఆ చేత్తోనే పిడిగుద్దులు గుద్దాడు. "అది నా చెయ్యి. పోకముందటి నా చెయ్యి" అంటూనే కొట్టాడు. మాస్టారూ ఊరుకోలేదు. కడుపులో తన్ని, జుట్టు పట్టి అతని తలను గోడకు బాదాడు. నేను వెనకనుంచి పట్టుకోబోతే తలుపు చెక్కకు మోచేయి తగిలింది. నా భార్య ఇద్దరి మీదా బిందెడు నీళ్ళు కుమ్మరించింది. చాప మీద నెత్తురు, నీళ్ళు కలిసి పారాయి.

"ముందే చెప్పి చావచ్చుగా" అన్నాడు మాస్టారు, కన్ను మూసుకుని. ఉప్పల్‌లో కుట్లు వేయించి ఇంటికి పంపాను.

బావమరిది ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయాడు. "పోయినేడు చర్చిల నేనే రికార్డు జేసుకున్న బావా. ఎవరో తెల్వకుంట వింటే, ఆ పెద్దోళ్ళ పక్కన నిలబడ్తనా లేదా అని ఒక్కసారి సూద్దామనుకున్న. ఇంక మళ్ళ వాయించేది లేదు గద."

మర్నాడు పొద్దున అతను మొదటి షిఫ్టుకు బయలుదేరుతుండగా మాస్టారు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కంటి మీద పట్టీ.

"కేసు పెట్టనీకి వచ్చినవా సార్?" అంది నా భార్య.

"మళ్ళీ వినడానికొచ్చానమ్మా."

పెట్టాను. బావమరిది గుమ్మంలో నిలబడే విన్నాడు. "జెప్పు సార్. నా చెయ్యి సూసి జెప్పకు."

"మధ్యలో గొంతు తగ్గించిన చోట నాకు భయమేసిందయ్యా. అక్కడ నువ్వు ఎవరికీ తీసిపోవు. మిగతాదంతా దంచుడే."

అతను టిఫిను డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "ఇయ్యాల నాకు గూడ గట్లనే ఇనబడ్డది. ఇంకొన్ని నెలలు కూసుంటే సక్కగయ్యేది."

డబ్బా సైకిలుకు తగిలించుకుని ఫ్యాక్టరీకి పోయాడు. మాస్టారికి నా భార్య చాయ్ ఇవ్వలేదు.