అమ్మ చెప్పులు తొడిగిన ఎండాకాలం

పోయిన ఎండాకాలం నేను ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయేసరికి అమ్మ కాళ్లకు చెప్పులున్నాయి. గుమ్మంలోనే ఆగిపోయాను.

తమ్ముడు మూడేళ్లప్పుడు జ్వరంతో పోయాడు. వాణ్ణి ఆసుపత్రికి కాకుండా ముందు తాయెత్తు కట్టించడానికి తీసుకుపోయింది అమ్మ. ఆనాటి నుంచి ఇరవై ఏళ్లు చెప్పులు తొడగలేదు. కాలే తారురోడ్డు మీద వట్టికాళ్లతోనే మగ్గాల ఇండ్లకు పోయి నూలు కండెలు చుట్టేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

"యాడివిమా ఈ చెప్పులు?"

"నేనే కొనుక్కుంటి. ఆదివారం ప్రార్థనకు పోతాండా."

ఒంటరి మనిషి, సొంత ఇల్లు. ఎవరో వల వేశారనుకున్నాను. ఆమె స్నానానికి పోగానే ట్రంకుపెట్టె తెరిచాను. ఇంటి పత్రాలు చీరల కింద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అనుమానం తగ్గకపోగా పెరిగింది. ఇల్లు కాకపోతే ఇంకేం కావాలి వాళ్లకు?

ఆదివారం నేనూ వెంట పోయాను. రేకుల షెడ్డు, ముప్పై మంది జనం. పాస్టరు వారమంతా సైకిళ్లు బాగుచేసుకునే మనిషి. ప్రార్థన అయ్యాక పక్కకు పిలిచాను.

"మా అమ్మతో ఏం సేయిస్తాండారు?"

"ఏమీ లేదక్కా. పాపానికి బలి ఒక్కసారే అయిపోయినాది. క్రీస్తు సిలువ మీద ప్రాణం పెట్టి ఆ పని ముగించినాడు. మనం కలిపేదేం మిగల్లేదు. అమ్మ దినామూ కాళ్లు కాల్సుకోని ఇంకో బలి ఇస్తాండె. అక్కర్లేదమ్మా అంటి. అంతే."

"ఊరికేనా?"

"ఊరికేనే."

ఊరికే వచ్చేదాన్ని నేనెన్నడూ నమ్మలేదు. ఇంటికి రాగానే నోరు జారాను. "బిడ్డను సంపుకున్న తప్పు, ఇంకెవరో సచ్చిపోతే పోతాదా?"

అమ్మ బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టింది.

"పోతాదనే నమ్మినా. తెలీక సేసినా, సేసింది నేనే అని దేవుని ముందర ఒప్పుకుంటి. నువ్వు ఇన్నేండ్లు ఆ మాట కడుపులో పెట్టుకోనుంటివి. ఇప్పుడన్నా అంటివి, మంచిదే."

ఏడవలేదు. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

ఆమె కాళ్లు బొబ్బలెక్కినప్పుడల్లా లోపలెక్కడో నాకు న్యాయం జరిగినట్టుండేదని ఆదోని బస్సులో కూర్చున్నాక తెలిసింది. తరువాతి వారం క్షమించమని అడగడానికి పోయి, అడగలేక అన్నం తిని వచ్చేశాను. ఆ పై వారం అడిగాను.

"నేనెప్పుడో ఇడ్సిపెట్టినాలేమా" అంది.

ఇంత తేలిగ్గానా అని ఆమె ముఖంలోకే చాలాసేపు చూశాను.