తెడ్డుమూతి కొంగ, మా ఇంటి టైము

ఇప్పుడు ఫోన్లో తీసిన ఫోటో మనం చెయ్యి దించేలోపే ఇంట్లో ఉన్న కంప్యూటర్లోకి చేరిపోతోంది, ఎట్లా చేరిందని ఎవరూ నోరు తెరవరు. ఆ రోజుల్లో మాత్రం, అంటే హైటెక్ సిటీలో నాకు మొదటి ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఒక కంప్యూటర్లో రాసిన మాట రెండో కంప్యూటర్లో దానంతటదే కనిపిస్తే నాకు ఒళ్ళు జలదరించేది. అంతకుముందు అలాంటి సౌకర్యాలు లోకంలో లేవని కాదు, ఉన్నాయి. కానీ మా ఇంట్లో ఆ పని చేసే ప్రోగ్రామును నేను సొంతంగా రాశాను. (సొంతంగా రాసిన ప్రోగ్రాము నడిస్తే కలిగే ఆశ్చర్యం వేరు. ఎందుకు నడుస్తోందో మనకే తెలియదు కాబట్టి అది ఇంకా పెద్దది.) రోజూ పొద్దున ఆఫీసు కారు ఎక్కే ముందు మీట నొక్కి, పెద్దనాయన కంప్యూటరు, నా ల్యాప్‌టాప్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటుంటే గుళ్ళో హారతి చూసినట్టు నిలబడి చూసేదాన్ని. మా పెద్దమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "ఏం చూస్తాండావే, అందులో పాలు పొంగుతాయా?" అనేది.

అప్పుడు నేను ప్రగతి నగర్‌లో పెద్దనాయన వాళ్ళింట్లో ఉండేదాన్ని. మాది కర్నూలు వైపు. పెద్దనాయన మాత్రం పెళ్ళికి ముందే ఇక్కడికొచ్చి, బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో తయారైన సామాను సరిగ్గా ఉందో లేదో చూసి పాస్ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆ ఫ్యాక్టరీలో సైరను మోగగానే గేటు మూసేసేవాళ్ళట. చేరిన కొత్తలో ఒకసారి గేటు బయట నిలబడిపోయిన అవమానంతో ఆయన ఇంట్లో ఉన్న గడియారాలన్నీ అరగంట ముందుకు తిప్పేశాడు. ఉద్యోగం అయిపోయింది, గడియారాలు మాత్రం వెనక్కి రాలేదు. గోడ గడియారం, అలారం, ఆయన చేతి వాచీ, అన్నీ అరగంట ముందే. ఏడు గంటల వార్తలు చూడాలంటే మా ఇంట్లో ఏడున్నరకు టీవీ ముందు కూర్చోవాలి. ఎవరైనా ఫోన్ చేసి ఎన్నింటికి రమ్మంటారని అడిగితే పెద్దమ్మ ముందు ఒక ప్రశ్న వేసేది: "మా ఇంటి టైమా, లోకం టైమా?" చుట్టాలందరికీ ఇది అలవాటే, నాకూ వారంలోనే అలవాటైపోయింది. మేం లెక్క వేస్తున్నామని కూడా మాకు తెలియకుండా అరగంట తీసేసుకుని బతికేవాళ్ళం.

పిట్టలంటే ఆయనకు ఇంకో పిచ్చి. అయిదో అంతస్తు బాల్కనీలోంచి చెరువు కనిపిస్తుంది. నీటికోళ్ళు, నీటికాకులు, లకుముకి పిట్టలు, బుడుక్కున మునిగి ఎక్కడో తేలే బుడుంగలు, ఇవన్నీ ఏ రోజు ఏవి వచ్చాయో ఏళ్ళ తరబడి రాసిపెట్టాడు. ఆ రాతలన్నిటికీ ఒక డేటాబేస్ చేసిపెట్టి, ఆయన దృష్టిలో ఒక్క రోజులో ఇంజనీరునయ్యాను. దాన్ని ఇంటర్నెట్లో పెట్టుకుందామంటే ఒప్పుకోలేదు. "మన పిట్టలు యాడుండాయో ఊరందరికీ ఏంటికి? కెమెరాలేసుకుని వచ్చి బెదరగొడ్తారు" అన్నాడు. అందుకే రెండు కంప్యూటర్లు, మధ్యలో నా ప్రోగ్రాము. ఇక ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న నియమాలు రెండు ఉండేవి. చూసిన చోటే రాయాలి, ఇంటికొచ్చి గుర్తు చేసుకుని రాసింది చెల్లదు. రెండోది, ఒకరు చూసింది ఇంకొకరికి నోటితో చెప్పకూడదు, ఫోటో చూపించకూడదు, రాతలోనే తెలియాలి. ("నోటితో చెప్తే చూడనోడు గూడా చూసినట్టే అనుకుంటాడు పాపా" అనేవాడు. మా ఆఫీసు మీటింగుల్లో ఈ మాట నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.) ఆ ఏడు ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. చెరువు గట్టుకు వెళ్ళే పని నాకు అప్పగించి, తను బాల్కనీలో కాఫీ తాగుతూ కనిపించినంత వరకు రాసేవాడు. రోజుకొక వరస. ఒకే వరసలో ఇద్దరం రాస్తే ఎవరిది ఉంచాలి? నా ప్రోగ్రాములో దానికి ఒక గొప్ప సూత్రం పెట్టాను. ఎవరు చివర రాస్తే వాళ్ళదే మాట. అంత న్యాయమైన సూత్రం ఇంకొకటి ఉండదని అప్పట్లో నా నమ్మకం.

కొన్ని వారాలు అంతా సాఫీగా సాగింది. ఆయన బాల్కనీలోంచి "కొత్తవి లేవు" అని రాసేవాడు, కాసేపటికి గట్టు మీద నేనూ "కొత్తవి లేవు" అనే రాసేదాన్ని. అట్లాంటి ఒక పొద్దున, బాల్కనీకి కనిపించని మూలలో, జమ్ము గడ్డి వెనకాల, నేను తెడ్డుమూతి కొంగను చూశాను. మొదట మామూలు కొంగే అనుకున్నాను. అది తలెత్తింది. ముక్కు చివర వెడల్పుగా, చదునుగా, అచ్చం మా పెద్దమ్మ చారు గరిటె. ఆ గరిటెను నీళ్ళలో పెట్టి, ఒద్దు ఒద్దు అంటున్నట్టు తల అటూ ఇటూ తిప్పుకుంటూ మెల్లగా నడుస్తోంది. వెనకాల కడుతున్న అపార్టుమెంట్ల క్రేన్లు, పక్కన రోడ్డు మీద స్కూలు బస్సుల హారన్లు, దానికి ఇవేవీ పట్టలేదు. నేను ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను. ఇంత పెద్ద ఊళ్ళో, ఇన్ని లక్షల మంది పరుగెత్తుతుండగా, ఇది ఎక్కడి నుంచో వచ్చి మా చెరువులో తీరిగ్గా టిఫిను తింటోంది! పెద్దనాయన పుస్తకాల్లో బొమ్మ చూసి, ఈ చెరువులో ఒక్కసారైనా చూడాలని ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్న పిట్ట అదే. బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో రాశాను. ఇంటికొచ్చి, మీట నొక్కి, ఆఫీసుకెళ్ళాను. రోజంతా పెద్దనాయన ముఖం ఎట్లా వెలిగిపోయుంటుందో అని ఊహించుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన మామూలుగా శనక్కాయలు ఒలుస్తున్నాడు. అన్నం తినేటప్పుడు ఉండబట్టలేక, "పెద్దనాయనా, ఈ రోజు చెరువు దగ్గర..." అన్నాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "నోటితో వద్దు. రాసినావా?" "రాసినా." "అయితే చూస్తాలే." అంతే, మళ్ళీ ఆ మాటే లేదు. నా ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే నా కొంగ లేదు. ఆ చోట "కొత్తవి లేవు" అని ఉంది. పెద్దనాయన కొట్టేశాడు! మర్నాడు మళ్ళీ చూశాను, మళ్ళీ రాశాను, ముక్కు గురించి ఇంకో రెండు మాటలు చేర్చి మరీ రాశాను. అదీ పోయింది. ఆ మర్నాడూ అంతే. నేను నమ్మదగిన మనిషిని కాదని ఆయన తేల్చేసినట్టే కదా? అడుగుదామా అంటే, ఎందుకు కొట్టేశావని పెద్దనాయనను నిలదీసే ఆచారం మా ఇంట్లో లేదు. అడక్కుండా ఉందామా అంటే ఆ పిట్ట ఏ క్షణంలోనైనా వెళ్ళిపోతుంది, ఆయన చూడకుండానే వెళ్ళిపోతుంది. కోపం ఒకవైపు, ఆరాటం ఒకవైపు. చివరికి ఇద్దరం పెద్దమ్మ ద్వారా మాట్లాడుకునే స్థితికి వచ్చాం. "ఉప్పు ఇమ్మని చెప్పు పెద్దమ్మా" అంటే, ఉప్పు ఆయన చేతి పక్కనే ఉండేది.

అట్లా గడుస్తుండగా ఒక పొద్దున ఆఫీసు కారులో కూర్చుని, ఆయన కొట్టేశాడనడానికి సాక్ష్యం సంపాదించాలని ల్యాప్‌టాప్ తెరిచాను. ప్రతి వరసనూ చివరిసారి ఏ టైముకు మార్చారో లోపల నమోదవుతుంది, మామూలుగా దాన్ని ఎవరూ చూడరు. తెరిచి చూస్తే ఆ రోజు "కొత్తవి లేవు" అని పెద్దనాయన రాసిన టైము ఉంది. ఫోన్లో టైము చూశాను. మళ్ళీ ల్యాప్‌టాప్ చూశాను. ఆయన రాసిన టైము ఇంకా రాలేదు! నిజం చెప్తున్నాను, ఆ ఒక్క క్షణం ఇది మా ఇంటి గడియారం సంగతని నాకు తట్టలేదు. పెద్దనాయన మామూలు మనిషి కాదేమోనన్న ఒక భక్తిలాంటిది కలిగింది. పక్కన మా టీములో సీనియరు ఉన్నాడు, ఏ సమస్య చెప్పినా "ఫికర్ నక్కో", అంటే దిగులొద్దు, అంటాడని అదే పేరు పెట్టుకున్నాం. ఆయనకు చూపించాను. "ఏందిది, మీ పెద్దనాయన ఇంకా రాని టైములకు పోయి రాస్తుండా?" అన్నాడు. బయట నిజాంపేట రోడ్డు మీద బండ్లు అంగుళం కదలడం లేదు. "అయితే ఇగ ఆయన్నే అడుగు జర, ఈ ట్రాఫిక్ అరగంటకన్న కదులుతదా, లేదా అని."

అరగంట! ఆ మాట వినగానే నా నెత్తి మీద మా ఇంటి గోడ గడియారం పడ్డట్టయింది. పెద్దనాయన కంప్యూటరు కూడా ఆయన ఇంట్లోదే కదా. తర్వాత తెలిసింది, అది ఇంటర్నెట్ చూసి తన టైము తాను సరిచేసుకుంటుంటే, "మన ఇంట్లో ఉండి ఊరి టైము చూపిస్తాదా" అని ఆ సౌకర్యం ఆపేసి, చేత్తో అరగంట ముందుకు తిప్పాడట. ఆయన కాఫీతో పాటు రాసింది, నేను ఆ తర్వాత గట్టు మీద రాసింది పక్కపక్కన పెడితే, ప్రోగ్రాముకు ఆయనదే చివర రాసినట్టు కనిపిస్తుంది, నాది పోతుంది. ఎవరు చివర రాస్తే వాళ్ళదే మాట అని ఆ ఇంట్లో కూర్చుని సూత్రం రాసిన మహా మేధావిని నేనే. "అన్నా, నేను దిగుతున్నా" అన్నాను. "మీటింగుంది గదా!" అన్నాడు. "అరగంట తర్వాత వస్తానని చెప్పండి" అన్నాను. (మధ్యాహ్నం దాకా వెళ్ళలేదు. ఆయన ఏం చెప్పి నన్ను కాపాడాడో ఇప్పటికీ తెలియదు.)

ఆటోలో ఇంటికి పరుగెత్తుకొచ్చి, తలుపు దగ్గరే అరిచాను. "పెద్దనాయనా, నువ్వు కొట్టేయలేదా?" ఆయన తెల్లబోయాడు. "ఏం కొట్టేసేది? నువ్వేం రాసినావని? రోజూ రాసినా అంటావు, చూస్తే ఒక్క అక్షరం ఉండదు. ఆఫీసు పని ఎక్కువై చెరువు కాడికి పోడం మానేసిందేమో, చెప్పడానికి మొగమాట పడతాందేమో అని నేనే ఊరుకున్యా పాపా" అన్నాడు. ఆయన గొంతులో బాధ వినిపించాక నాకు ఏడుపొచ్చింది. ఇన్ని రోజులూ ఆయన నన్ను అబద్ధాలకోరు అనుకుంటున్నాడని నేను, చెరువంటే నాకు విసుగు పుట్టిందని ఆయన, ఇద్దరం ఒకే పప్పు గిన్నె ముందు కూర్చుని కుమిలిపోయాం. ఆ రోజు నియమం పక్కన పెట్టి నోటితోనే చెప్పేశాను. "తెడ్డుమూతి కొంగ. జమ్ము వెనకాల. పొద్దున గూడా ఉండె." ఆయన వాకర్ కోసం చెయ్యి చాచాడు. పెద్దమ్మ అప్పటికే చెప్పులు తెచ్చి పెట్టింది.

ఆటోను గట్టు దాకా పోనిచ్చాం. బెంచీ మీద కూర్చోబెట్టి బైనాక్యులర్స్ చేతికిచ్చి, కింద నా చెయ్యి ఆనించాను. అది ఉంది. మా కోసమే ఆగినట్టు, అదే మూలలో గరిటె తిప్పుకుంటూ ఉంది. ఫ్యాక్టరీలో ఎన్ని వేల వస్తువులను పాస్ చేసిన మనిషో, పెద్దనాయన ఆ కొంగ ముందు చిన్నపిల్లవాడై కూర్చున్నాడు. చివరికి మెల్లగా, "ఎవురు జేసినారు పాపా ఆ ముక్కు!" అన్నాడు. అంతలోనే అది రెక్కలు విప్పింది. మామూలు కొంగలు మెడ ముడుచుకుని ఎగురుతాయి, ఇది మెడ నిండుగా ముందుకు చాచి, మా నెత్తి మీద ఒక చుట్టు తిరిగి, బాచుపల్లి వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ పొద్దున నేను కారు దిగకపోయి ఉంటే ఆయన దాన్ని ఎప్పటికీ చూసేవాడు కాదు.

గడియారం మార్చమని బతిమాలాను. "నా గడియారం తప్పేమీ లేదు, నీ ప్రోగ్రాముదే తప్పు" అన్నాడు. నిజమే. ఇద్దరూ రాస్తే ఇద్దరిదీ ఉంచాలని ప్రోగ్రామును మార్చాను, చివర రాసినవాళ్ళదే మాట అన్న నా సూత్రం ఆ రోజుతో పోయింది. దానివల్ల ఆ రోజు వరసలో రెండు రాతలు ఉన్నాయి. ఒకటి గట్టు మీద ఆయన పక్కన కూర్చుని నేను లోకం టైము ప్రకారం రాసింది. ఇంకొకటి ఆయన తన చేతి వాచీలో చూసిన టైముతో, నియమానికి ఆ ఒక్కసారికి మినహాయింపు ఇచ్చుకుని ఇంటికొచ్చాక రాసింది. ఆ తర్వాత ఎన్ని కంప్యూటర్లు మారినా ఆ డేటాబేస్‌ను వెంట తెచ్చుకున్నాను, ఎన్నో తప్పులు దిద్దాను, ఆ రెండు టైములను మాత్రం ముట్టుకోలేదు. తెలియనివాళ్ళు చదివితే ఆ కొంగ ఆ పొద్దున మా ఇద్దరి ముందు అరగంట పాటు నిలబడిందనుకుంటారు. నిజానికి అది ఉన్నది ఒక కాఫీ తాగేంత సేపు కూడా కాదు. కానీ ఆ వరస చూసినప్పుడల్లా, బెంచీ మీద ఉక్రోషంగా రాస్తూ కూర్చున్న ఆ పిల్లను, అప్పటి నన్ను, తలచుకుని నవ్వుకుంటాను. పెద్దనాయన గడియారం ఆమె రాసిన ఉదయాలెన్నో చెరిపేసి, చివరికి ఒక అరగంట ఇచ్చింది. దాన్ని తీసేయడానికి నాకు చెయ్యి రాదు.