ఏమీ రాని మనిషికి ఏ విమానం?

1946. యుద్ధం ముగిసి, సైన్యం తనకు అక్కర్లేని విమానాలను వదిలించుకుంటున్న రోజులు. మా యజమాని అలాంటివి రెండు కొని, సంస్థానాల్లో డబ్బున్నవాళ్లకు అమ్మాలని చూస్తున్నాడు. నడిపి చూపించడం, కొన్నవాళ్లకు నేర్పడం నా ఉద్యోగం. అలా బస్తర్ సంస్థానంలో, జగదల్‌పూర్ బయట గడ్డి మైదానంలో మకాం పెట్టాను. చూడటానికి ఊరంతా వచ్చేది. కొనేవాడు ఒక్కడూ రాలేదు.

ఒక ఉదయం కొంటా అనే ఊరి వైపు నుంచి వచ్చిన కలప లారీలోంచి తిరపతమ్మ దిగింది. నలభై దాటిన మనిషి. భర్త పోయాక అడవి కాంట్రాక్టును, అక్కడి మాటలో ఠేకాను, తన పేరుకు మార్పించుకుందట. సంతలో ఎడ్లను చూసినట్టు విమానాల చుట్టూ తిరిగింది.

"ఏమీ రాని మనిషి తోలాలంటే ఏది సులువయ్యా?"

"ఎవరమ్మా తోలేది?"

"నేనే. ఒక్కదాన్నే."

"ఒక్కదానివే ఎక్కి ఎక్కడికి పోతావు?"

"నీకెందుకు? అడిగింది సెప్పు."

నాకు ఒళ్లు మండింది. అయినా బేరం కదా, చెప్పాను. ఉన్న రెండిట్లో టైగర్ మాత్ నెమ్మదైనదే గాని, రెక్కలు రెండు వరసలు, కింది రెక్క నేలను మూసేస్తుంది. రెండోది ఎల్-ఫైవ్, దానికి రెక్క నెత్తిమీద ఉంటుంది. దానికి ట్రిమ్ అని ఒక పిడి ఉంది. ముక్కు ఎత్తకుండా, వాలకుండా దానితో సరిచేసి పెట్టవచ్చు.

"సెయ్యి వదిలినా పోతదా?"

"గాలి నెమ్మదిగా ఉంటే కాసేపు పోతుంది."

"కింద నేల కనపడతదా?"

"శుభ్రంగా."

"అయితే ఇదే."

దించడం ఎలాగో మాత్రం అడగలేదు. నాకు అనుమానం పట్టుకుంది. ఈవిడ దొంగ సరుకు దాటిస్తుందా, లేక తనే దాటిపోతుందా?

సాయంత్రం ఆమె మరిది భద్రయ్య వచ్చాడు. చెట్లు కొట్టించే పనంతా అతని చేతి మీదే. "సారూ, మా వదినకు అదో పిచ్చి. ఒక తిప్పు తిప్పండి. మా అడవి పక్క వాగు మాత్రం దాటకండి. అవతల గాలి మంచిది కాదు. బేరం సంగతి నేను సూసుకుంటా" అన్నాడు. గాలి సంగతి నాకు చెబుతున్నాడు, పైలటుకి!

మర్నాడు ఆ మాట తిరపతమ్మ చెవిన వేశాను. సంతోషిస్తుందేమో అనుకున్నాను.

"నా ముందర మంచోడివి అనిపించుకోనీకి ఇది గూడ ఆయనే సెప్పమన్నడా ఏంది?" అంది.

ఓరి దేవుడా! మూట సర్దుకుని వెళ్లిపోదామన్నంత కోపం వచ్చింది. నా మొహం చూసి అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఆ వాగు ఇవతలి వరకే వాళ్ల కూపు, అంటే నరకడానికి సర్కారు కేటాయించిన అడవి ముక్క.

"హద్దు దాటి కొడుతున్నరని విన్న. సూసి రమ్మని ముగ్గుర్ని తోలితే ముగ్గురూ లేదన్నరు. ముగ్గురికీ కొత్త సైకిళ్లొచ్చినయ్! వచ్చే వారం జంగల్ సాబు తనిఖీకి వస్తున్నడు. ఠేకా నా పేరు మీదుంది. జైలుకు పోయేది నేను. ఇంకొకల్ల కండ్లతోని సూసే రోజులు పోయినయ్యా."

వారంలో విమానం నేర్పడం నా తాత వల్ల కూడా కాదు. ఎల్-ఫైవ్‌లో వెనక సీటుకూ నడిపే కర్ర ఉంటుంది. నేను ముందు కూర్చుంటాను, పైకి వెళ్లాక నువ్వే తోలు అన్నాను. చాలాసేపు ఆలోచించి ఎక్కింది.

వాగు కనబడగానే ఇంజను రొదలో వెనకనుంచి ఒక్క అరుపు. "సేతులు పైకెత్తు! నాకు కనపడాలె!"

పట్టుబడ్డ దొంగలా రెండు చేతులూ పైకెత్తాను. కాళ్లు మాత్రం రడ్డరు మీదే ఉంచాను. రడ్డరంటే తోకను తిప్పే చుక్కాని. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె కర్రను ఒక్క తోపు తోసింది. విమానం ఒరిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలాగో సర్దుకుని వాగు దాటాం.

అవతల గుట్ట మొత్తం బోడిగా ఉంది. కొట్టేసిన దుంగలు నీటి ఒడ్డుదాకా పేర్చి ఉన్నాయి. నా చేతులు లాగేస్తున్నాయి, అయినా దించలేదు.

కాసేపటికి నా భుజం మీద చెయ్యి పడింది. ఆమె కర్ర వదిలేసింది.

"నా సేతి కూడు తిన్నడయ్యా. మరిదైనా కొడుకు లెక్క సూసుకున్న." ఏడుస్తోంది. "దించు నాయినా. నాకు దించుడు రాదు."

దిగగానే ఇంటికి పోలేదు. నేరుగా అటవీ కచేరీకి వెళ్లి, తన ఠేకా మీద తనే ఫిర్యాదు ఇచ్చింది. ఠేకా పోయింది, జైలు తప్పింది. విమానం కొనలేదు. మా యజమాని నాకు నాలుగు చివాట్లు పెట్టాడు.

ఆ తర్వాత ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇదే ప్రశ్న వింటూనే ఉన్నాను, నేర్చుకోకుండా నడపగలిగే విమానం ఏదని. వాళ్లకు ఇంజన్ల గురించి, రెక్కల గురించి చెప్పడం మానేశాను. ఎవరి మీద నమ్మకం పోయి ఒంటరిగా ఎక్కాలనుకుంటున్నారో అడుగుతాను. సగం మంది లేచి వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు కూర్చుని మొదటినుంచీ చెప్పుకొస్తారు.