ఏ లెక్కలోకీ రాని జబ్బు

మా చెల్లెలికి ఏ జబ్బూ లేదని చెప్పిన రోజున మా ఇంట్లో పండగ చేశాం. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అప్పటికే దానికి రెండుసార్లు కడుపు పోయింది, రెండుసార్లూ ఐదో నెల దాటాకే. సీతమ్మధారలో డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడి రక్తాన్ని గడ్డకట్టించే జబ్బు ఒకటుందట. కడుపులో బిడ్డను పోషించే మాయలో గడ్డలు కడితే బిడ్డకు రక్తం అందదట. మొదటి పరీక్షలో కాస్త కనిపించింది. మూడు నెలలు ఆగి మళ్లీ చేయిస్తే ఏమీ రాలేదు. రెండుసార్లూ వస్తేనే ఆ జబ్బు కింద లెక్కట.

"మీ అమ్మాయికి అది కాదమ్మా, రక్తం గడ్డకట్టకుండా వేసే సూదులు అక్కర్లేదు" అందావిడ.

మా మరిది ఫిషింగ్ హార్బర్లో బోటు మీద పనిచేస్తాడు. వేలానికి పెట్టాల్సిన వంజరం చేపను ఇంటికి మోసుకొచ్చేశాడు. "ఏటీ నేదంట వొదినా! నా పెళ్లానికి ఏటీ నేదంట!" అని వీధిలో అందరినీ పిలిచి మరీ భోజనం పెట్టాడు. అమ్మ దానికి దిష్టి తీసింది. నేనూ పులుసు మారు వడ్డించుకుని తిన్నాను.

మూడో కడుపు ఏడో నెల దాకా వచ్చింది. ఓ పొద్దున్న చెల్లెలు వచ్చి, "అక్కా, రాత్రి నుంచి కదల్డం నేదే" అంది. ఆసుపత్రికి పరిగెత్తాం. అప్పటికే అయిపోయింది. మగబిడ్డ. ముక్కు అచ్చం మా మరిదిదే.

తర్వాత ఇంకో పెద్ద డాక్టరుకు చూపించాం. "పరీక్షల్లో దొరకనివాళ్లూ ఉంటారమ్మా. ఆ నియమాలు పరిశోధనల కోసం రోగులను వర్గీకరించడానికి పెట్టుకున్నవి. వైద్యం మాత్రం మనిషిని చూసి చెయ్యాలి. మళ్లీ కడుపొస్తే మొదటి నుంచీ సూదులు వేద్దాం" అన్నారాయన.

"ఒకరు కాదంటారు, ఒకరు ఔనంటారు. మీలో మీరు తేల్చుకుని ఏడవకూడదా?" అని అరిచేశాను. నా నోరు అలాంటిది. ఆయన కోప్పడలేదు. "ఖాయంగా అదేనని నేనూ చెప్పలేను తల్లీ" అన్నారు.

ఆటో ఎక్కాక చెల్లెలు అడిగింది.

"ఆ సూదులు అప్పుడే ఏసుంటే ఆడు బతికేవోడేటి అక్కా?"

"ఏమోనే" అన్నాను. అంతకంటే నాకు మాత్రం ఏం తెలుసు! "డాక్టరు మళ్లీ చూద్దామన్నారు కదే" అని చెయ్యి పట్టుకున్నాను.

చెయ్యి లాగేసుకుంది.

"మళ్లీ ఏటక్కా మళ్లీ? నాకు ఆడే కావాల."