మూడు నామాల మైలురాయి

మా ఆయన కారు కొన్న నెల రోజులకు, అది నర్సీపట్నం కూరగాయల మార్కెట్‌కి తిరగడానికి పుట్టిన కారు కాదని మా అమ్మాయి తేల్చేసింది. హైవే మీద చూసి తీరవలసిన వింతలంటూ ఫోనులో ఒక జాబితా రాసింది. అంత శ్రద్ధగా ఇంటర్ పరీక్షలో ఒక్క పేజీ రాసి ఉంటే నేను బలిఘట్టం గుడిలో నూటొక్క కొబ్బరికాయలు కొట్టేదాన్ని. అయినా సంతానమంటూ ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకోవాలి. ఎలాంటిదిచ్చాడని అడగకూడదు.

జాబితాలో లేనిది ఒకటుంది. దాన్ని చూడడానికే మా మామగారు కారెక్కారు.

మామగారు ముప్పై ఏళ్లు లారీ నడిపారు. ఆ రోజుల్లో ఒకసారి అనకాపల్లి నుంచి తుని వైపు బెల్లం వేసుకుని పోతుంటే, యలమంచిలి దాటాక వంతెన దిగుతున్నచోట బ్రేకులు పోయాయట. "అప్పన్నా!" అని అరిచి కళ్లు మూసుకున్నారట. ముందు చక్రం మైలురాయికి తగిలి, దాని మూల పెచ్చు ఊడగొట్టి లారీ ఆగింది. రాయికి అవతల పెద్ద గొయ్యి. కిందికి దిగి, వణికే చేతుల్తో టైరు లీవరు తీసుకుని రాయి వెనక మూడు నామాలు గీసి, ఈ రాయికి గంట కడతానని మొక్కుకున్నారు. తరవాత ప్రతి ట్రిప్పులోనూ వచ్చే ట్రిప్పుకి కడదామనుకున్నారు. దేవుడికి వాయిదాలు చెప్పే ధైర్యం మా ఇంట్లో మగవాళ్లకే ఉంది. వాళ్లు వాయిదాలు వేస్తుండగానే ట్రంకు రోడ్డు నాలుగు వరసలైంది, ఆరు వరసలైంది.

ఇప్పుడు ఆయనకు ఎడమ కన్ను లేదు. మిగిలిన కుడి కంటికి మంగళవారం ఆపరేషను.

"కన్నుంటాదో పోతాదో ఆ అప్పన్నకే తెలవాల. ఉన్నప్పుడే ఆ రాయిని ఓపాలి సూసి గంట కట్టీసినానంటే, తరవాత డాట్రు ఏటి సేసుకుంటాడో సేసుకోమను" అన్నారు బయల్దేరే ముందు. కంచు గంటను తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. పసుపు, కుంకుమ, రెండు నిమ్మకాయలు నా సంచిలో ఉన్నాయి.

"రాయి మీద ఎంత అంకె ఉండేది మామయ్యగారూ?" అని అడిగాను.

"నాకు అంకెలొస్తే లారీ ఎందుకు తోలుతానమ్మా? రాయి పక్కన జంట తాళ్లుండేవి. ఒకటి నిటారు, ఒకటి వంకర."

అంటే ఆరు వరసల రోడ్డు పక్కన నలభై ఏళ్ల కిందటి వంకర తాడిచెట్టును వెతకాలి. మంచిది. నేను బడి మొహం చూడలేదు గానీ నాన్నగారి సైకిలు వెనక కూర్చుని రోలుగుంట రోడ్డు పొడుగునా మైలురాళ్ల మీదే అంకెలు నేర్చుకున్నాను. ఆ మాత్రం చదువుకు కూడా మా మామగారు పని పెట్టలేదు.

తాళ్లపాలెం దగ్గర హైవే ఎక్కాం. మొదటి వింత విమానం. నిజం విమానమే, రెక్కలతో సహా. కాకపోతే దాని కడుపులో హోటలు నడుస్తోంది. ఎడమ రెక్క మీద వంటవాళ్ల లుంగీలు ఆరుతున్నాయి. టోపీ పెట్టుకున్న కుర్రాడు వచ్చి బెల్టు కట్టుకోమన్నాడు. ఎందుకంటే దోసె వచ్చేదాకా కట్టుకునే ఉండాలట, అదే ఇక్కడి సరదా అట. దోసె వచ్చేసరికి నిజంగానే ఢిల్లీ వెళ్లి రావచ్చు.

మామగారు విమానం చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు తడిమి చూసి, ఆ కుర్రాణ్ణి అడిగారు. "దీని స్టెప్నీ ఏది బాబూ?"

"ఇది ఎగరదు తాతా."

"తెలుస్తున్నాదిలే. కదలని బండికి నాలుగు టైర్లెందుకు, అమ్మీండి."

అక్కణ్ణించి కదిలాక మామగారు కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నారు. వంతెన కనిపించిన ప్రతిసారీ "ఒరే, ఆపు!" అంటారు. "ఇక్కడ ఆపకూడదు నాన్నా" అంటూనే మా ఆయన వంతెన దాటించేస్తారు. దాటాక వెనక్కి రావాలంటే మలుపు ఎక్కడో దూరాన ఉంటుంది. అలా వెళ్లి, తిరిగి, మళ్లీ వెళ్లి, టోల్‌గేటు అమ్మాయి మమ్మల్ని చూసి చుట్టాల్లా నవ్వేదాకా తిరిగాం. ప్రతి వంతెన దగ్గరా నేను దిగాను. తాళ్లు లేవు. రాళ్లు లేవు. సిమెంటు దిమ్మెలు, వాటి మీద గుట్కా ఉమ్ములు ఉన్నాయి.

"వంకర తాడి నీకు కనిపించిందేటమ్మా?" అని కారెక్కగానే అడిగేవారు.

"ఇంకా లేదు మామయ్యగారూ" అనేదాన్ని. ఆయన గంటను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకునేవారు.

రెండో వింత తలకిందుల ఇల్లు. మంచం, బీరువా, కుక్కరుతో సహా వంటగది, అన్నీ పైకప్పుకి అతికించి ఉన్నాయి. ఫోటో తీసి తిప్పితే మనం పైకప్పుకి వేలాడుతున్నట్టు వస్తుందట. నన్ను చేతులు రెండూ పైకెత్తమన్నారు. ఎత్తాను. "అమ్మా, కొంచెం భయపడినట్టు ముఖం పెట్టండి" అన్నాడు ఫోటోగ్రాఫరు. ఆ వంటగదిని ఎవరు తోముతారా అని తలుచుకున్నాను. భయం అద్భుతంగా వచ్చిందన్నాడు.

"ఇదేటే, మన ఇల్లు లాగే ఉన్నాది" అన్నారు మా ఆయన. ఇంట్లో వస్తువు ఏది ఎక్కడుందో ఇరవై ఏళ్లుగా తెలియని మనిషికి అలా అనిపించడంలో తప్పు లేదు.

బయటికి వచ్చేసరికి మామగారు కారులోనే ఉన్నారు. దిగలేదు. కుడి కన్ను తుడుచుకుంటూ, "పొద్దు వాలిపోతే నాకు సూపు ఆనదమ్మా. ఎల్లిపోదుం. ఆ రాయి పోయినట్టున్నాది" అన్నారు. అంతకు ముందు ఎన్నడూ ఆయన గొంతు అంత చిన్నగా వినలేదు. కారు వెనక్కి తిప్పి అడ్డురోడ్డు జంక్షను మీదుగా ఇంటికి పోదామని మా ఆయన కూడా అన్నారు.

అప్పుడు మా అమ్మాయి జాబితా ఎత్తింది. "ఇంకొక్కటే ఉంది నాన్నా. అడ్డురోడ్డు దారిలోనే. పాతకాలం డాబా."

"తాతగారి కన్ను కంటే నీ ఫోటోలు ఎక్కువైపోయాయా?" అని గట్టిగానే కసిరాను. అది ఫోను పక్కన పెట్టేసింది. మా ఆయనకు మాత్రం టీ కావాలి. మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ ఇలాగే జరుగుతాయి.

డాబా వాకిట్లో బండి చక్రం, లాంతర్లు, రోలు, తిరగలి, నీళ్లకాగు. మేం పెరట్లోంచి పారేసినవన్నీ ఎవరో ఏరుకుని రంగులేసి, బల్బులు తగిలించి, "పల్లె అందాలు" అని బోర్డు పెట్టారు. మా రోలుకి ఈ యోగం పడుతుందని తెలిస్తే పాత సామాన్ల వాడికి ఇచ్చేదాన్ని కాదు. చేతులు కడుక్కునే చోటుకి పక్కనే, గోడకి చేరువగా, ఇనప కమాను కింద ఒక మైలురాయి ఉంది. దానికి గులాబీ రంగు వేసి ఎర్రటి గుండె బొమ్మ గీశారు. కింద "సెల్ఫీ పాయింట్".

మామగారు చేతులు కడుక్కోవడానికి వెళ్లి, తడి చేతిని రాయి మీద ఆనించారు. అంతే, చెయ్యి తీయలేదు. వేళ్లు అంచు వెంట పాకి, ఒక మూల పెచ్చు ఊడినచోట ఆగిపోయాయి.

"అమ్మా! ఇలా రా, బేగి!"

పరుగెత్తాను. పెచ్చులూడిన రాళ్లు లోకంలో వెయ్యి ఉంటాయి. కానీ ఆయన ముఖం చూసి ఆ మాట అనలేకపోయాను. "వెనక నామాలుండాల" అన్నారు. వెనక గోడ. మధ్య నాలుగు వేళ్ల సందు.

డాబా యజమాని తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. "రోడ్డు పనోళ్ల దగ్గర తెచ్చిందండీ. సిమెంటేసి పాతేసాం, కదపడానికి లేదు. ఏటి సంగతి?"

మా అమ్మాయి అప్పటికే నేల మీద బోర్లా పడుకుంది. ఫోను సందులోకి దూర్చి, లైటు వేసి, నొక్కింది. లేచి, ఫోటో పెద్దది చేసి తాతగారి కుడి కంటికి దగ్గరగా పెట్టింది. ఆయనకు మసక. "నాకు తెల్దు, నువ్వే సెప్పు" అన్నారు.

"మూడు గీతలున్నాయి తాతా. కింద కలిశాయి. నామాలే."

ఆయన సందులోకి చెయ్యి పెట్టి, మోచేయి గీసుకుపోతున్నా ఆపకుండా, వేలితో ఆ గీతల వెంట పైనుంచి కిందికి రాసుకుంటూ వచ్చారు. మూడో గీత దగ్గరికి వచ్చేసరికి నాకు చూపు ఆనలేదు. నా కళ్లలో కూడా ఏదో పడింది.

నేను పసుపు తీసేసరికి యజమాని గాభరా పడ్డాడు. "అమ్మా, అది డెకరేసనండీ, దేవుడు కాదు! పిల్లలు ఫోటోలు దిగుతారు."

"దేవుడని నేనన్నానేటి? నా పేనం కాపాడినాది. నీది కాపాడితే నువ్వు గుండె బొమ్మేస్తావా?" అన్నారు మామగారు.

ఆ మాటకు అవతల నులకమంచం మీద భోంచేస్తున్న లారీ డ్రైవరు అన్నం వదిలి లేచాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులు దూరంగా విడిచి వచ్చి, సంగతి అడిగి, నా దగ్గర ఒక నిమ్మకాయ తీసుకుని రాయి ముందు పెట్టాడు. గంట కట్టడానికి స్టూలు యజమానే తెచ్చాడు. గుండె బొమ్మ మీద పసుపు రాశాను. పసుపు కింద గుండె ఎర్రగానే కనిపిస్తోంది. పోనీలే, అమ్మవార్లకి అలవాటైన రంగులే అవి.

మామగారు గంట కొట్టారు. చేతులు కడుక్కుంటున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు.

మేం కారెక్కేసరికి యజమాని రాయి ముందు స్టీలు పళ్లెం పెడుతున్నాడు. దక్షిణకి. వ్యాపారమన్నాక భక్తి కూడా ఉండాలిగా. మిగిలిన పసుపు పొట్లం అతని చేతిలో పెట్టి, రోజూ రాయమన్నాను. రాస్తాడని నమ్మకం. పళ్లెం ఉన్నంత కాలం తప్పకుండా రాస్తాడు.

దారిలో కోటవురట్ల దాటేదాకా మామగారు ఒళ్లో ఉత్త తువ్వాలు పెట్టుకుని నిద్రపోయారు. మా అమ్మాయిని కసిరినందుకు ఏమనాలో తెలియక బజ్జీలు కొనిపెట్టాను. "నీ జాబితా పుణ్యమే తల్లీ" అని కూడా అన్నాను. అది ఆ మాటను ఫోనులో రికార్డు చేసుకుంటానని రెండోసారి అనమంది. అనలేదు.

బుధవారం పొద్దున్న కట్టు విప్పారు. డాక్టరుగారు రెండు వేళ్లు చూపించి ఎన్నని అడుగుతుంటే మా మామగారు వాటిని పక్కకి నెట్టి, "ఆగండి బాబూ. ఒలే గుంటా, ఆ ఫోనియ్యి" అన్నారు.

మనవరాలు రాయి వెనక తీసిన ఫోటో చూపించింది. ఆయన చాలాసేపు చూశారు.

"ఓలమ్మ, ఎంత వంకరగా గీసీనాను!" అన్నారు.