పొయ్యి లేని ఇల్లు

మా ఊరి రైల్వేస్టేషన్లో దిగి బయటికి వస్తే ఇప్పుడు విశాలమైన కూడలి కనిపిస్తుంది. మధ్యలో ఫౌంటెను, దాని చుట్టూ ఆటోలు, ఎదురుగా మున్సిపాలిటీ వాళ్ల రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు. ఆ ఫౌంటెనులో నీళ్లు ఎగరడం నేను చూసింది ప్రారంభోత్సవం రోజున మాత్రమే. ఆ కూడలి ఉన్నచోట ఎనభైల మొదట్లో మా వీధి ఉండేది. వీధి అనడం మా గొప్ప గాని, నిజానికి అది గూడ్స్ షెడ్డు వెనకగోడకీ, పట్టాల పక్కనున్న ప్రహరీకీ మధ్య ఇరుక్కున్న సందు.

ఆ సందులో ఉన్నవాళ్లందరం దూదేకులవాళ్లం. ముస్లింలమే గాని ఇంట్లో మాట్లాడేది తెలుగే. జిన్నింగ్ మిల్లుల నుంచి పత్తి తెచ్చి, విల్లుతో ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టడం మా పని. మిరపకాయలు అమ్ముకోవడానికి సత్తెనపల్లి వైపు నుంచీ, పర్చూరు వైపు నుంచీ వచ్చే రైతులు రాత్రిళ్లు స్టేషన్ దగ్గర లాడ్జీల్లో పడుకునేవాళ్లు. ఆ లాడ్జీల పరుపులన్నీ మా సందులో కుట్టినవే. ఊళ్లో ఏ పిల్ల పెళ్లయినా ఆ పిల్లతో పాటు అత్తారింటికి వెళ్లే పరుపు కూడా మా దగ్గరే తయారయ్యేది.

పగటిపూట మా ఇల్లు చూస్తే ఇల్లని ఎవరూ అనుకోరు. తెల్లవారగానే పక్కబట్టలు చుట్టి అటకెక్కించేవాళ్లం. గిన్నెలన్నీ ఒక మూల పేర్చి గోనెపట్టా కప్పేవాళ్లం. నాన్న విల్లు వేలాడదీసి, దాని నారి మీద చెక్కసుత్తితో కొట్టడం మొదలుపెడితే, కాసేపటికి గదిలో లేచిన దూదికి ఎదుటి మనిషి కనిపించేవాడు కాదు. సాయంత్రం దాకా మనుషుల చోటు గుమ్మం బయటే. నేను ఇంటర్మీడియెట్ దాకా చదువుకున్నది ఆ గుమ్మం బయట గోనెసంచీ మీద కూర్చునే.

ఇంకొకటి కూడా ఉంది. మా సందులో ఏ ఇంట్లోనూ పొయ్యి ఉండేది కాదు. మా నాయనమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒక ఇంట్లో పొయ్యిలోంచి రవ్వ ఎగిరి దూది అంటుకుందట. ఆ ఇంట్లో ఉన్న బాలింతా, ఆమె బిడ్డా బయటికి రాలేకపోయారు. ఆ బాలింత నాయనమ్మ ఈడుదే, ముందురోజు సాయంత్రం ఆమెకి కారప్పొడి అన్నం కలిపి ఇచ్చి వచ్చింది నాయనమ్మే. అప్పటినుంచి సందులో వాళ్లంతా ఒక మాట మీద నిలబడ్డారు. గడప లోపల నిప్పు ఉండకూడదు. బీడీ కాల్చుకోవాలంటే సందు చివరికి వెళ్లాలి. ఊదుబత్తి వెలిగించాలన్నా బయటే. అందరి కుంపట్లూ పట్టాల పక్క ప్రహరీ వెంట వరసగా ఉండేవి. విల్లు పట్టకముందు ఒకపూట, విల్లు దించాక ఒకపూట ఆడవాళ్లంతా అక్కడే వండేవాళ్లు. నెత్తిన నీడ లేదు. ఎండొస్తే ఎండ, వానొస్తే గొడుగు.

సిగ్నల్ దొరక్క ఆగిన రైళ్లు సరిగ్గా ఆ ప్రహరీ పక్కనే నిలబడేవి. గోడ నడుమెత్తు కూడా ఉండదు. కిటికీల్లోంచి జనం మా గిన్నెల్లోకి తొంగిచూసేవాళ్లు. ఈ పూట కూరేంటని అరిచే పోకిరీలు రోజూ ఎవడో ఒకడు ఉండేవాడు. మిగతా ఆడవాళ్లు తిరిగి నాలుగు తిట్టి నవ్వుకునేవాళ్లు. మా అమ్మకి అది చేతకాలేదు. ఆమె పర్చూరు దగ్గర పల్లెటూరిలో, వెనకవైపు వేరే వంటిల్లు ఉన్న ఇంట్లో పుట్టి పెరిగింది. రైలు ఆగిందంటే ముసుగు ముఖం మీదికి లాక్కుని, పట్టాలకి వీపు పెట్టి, కూర మాడినా సరే తలెత్తేది కాదు. ఆమెకి ఈ లోకంలో ఒక్కటే కోరిక ఉండేది, తలుపున్న వంటిల్లు. నా జడ అల్లుతూ ఆ వంటిల్లు ఎట్లా ఉండాలో చెప్పేది. పొగ పోవడానికి పైన కంత, ఉప్పూ కారం పెట్టుకోవడానికి గూడు, లోపలినుంచి వేసుకునే గడియ. గడియ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది, అంత కోరుకోవడం తప్పేమో అన్నట్టు.

మా ఊరి స్టేషన్ ముందు ప్రాంతమంతా కొత్తగా కట్టాలని మున్సిపాలిటీ వాళ్లు అనుకున్నది అప్పుడే. గొలుసులూ జెండాకర్రలూ పట్టుకుని కుర్రాళ్లు వచ్చి సందు కొలిచారు. ఇంటింటికీ తిరిగి లోపల పొయ్యి ఉందా అని అడిగారు. ఎందుకడుగుతున్నారో వాళ్లూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నాయనమ్మకి మాత్రం ఒళ్లు మండిపోయింది.

"మా ఇళ్లల్లో నిప్పు పెట్టుకుంటామా నాయనా? ఏ ఇంట్లో ఉందో చూపించు, ఇప్పుడే వాళ్లని సందులోంచి పంపించేస్తా" అంది.

సందులో అందరూ అదే చెప్పారు. పరుపులు కుట్టేవాళ్లని పట్టుకుని ఇంట్లో నిప్పుందా అని అడగడం, మేం దొంగలమా అని అడిగినట్టే అనిపించింది మాకు. లేదని చెప్పి తలెత్తుకుని నిలబడ్డాం. ఆ కుర్రాళ్లు అదే రాసుకుని వెళ్లిపోయారు.

కొన్నాళ్లకి ప్లాను తయారైందనీ, అభ్యంతరాలుంటే వచ్చి చెప్పుకోవచ్చనీ మైకులో చాటించారు. సందులో కాలేజీ మొహం చూసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నాన్న నన్ను వెంటపెట్టుకెళ్లాడు. మున్సిపల్ ఆఫీసు హాల్లో దుప్పటంత కాగితం గోడకి తగిలించి ఉంది. అందమైన బొమ్మ. రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టు, కాదు, స్కేలు పెట్టి గీసినవే. ఇళ్లకి పసుపు రంగు వేశారు, గోడౌన్లకి ఊదా రంగు. మా సందు మొత్తం ఊదా రంగులో ఉంది. రంగు బాగుందే అన్నాడు నాన్న. కింద రాసి ఉన్నది నేను చదివి చెప్పాను. పసుపు రంగులో ఉన్నవాళ్లకి ఊరిచివర ఇంటిస్థలమూ, గదీ వంటిల్లూ కట్టించి ఇవ్వడమూ. ఊదా రంగువాళ్లకి కొత్త కాంప్లెక్సులో తలా ఒక షట్టరు గది, అందులో వ్యాపారం తప్ప వండుకోవడానికీ పడుకోవడానికీ వీల్లేదు. నాన్న నాచేత ఆ ముక్క మళ్లీ చదివించాడు.

అక్కడున్న ప్లానింగ్ ఆఫీసరు మర్యాదస్తుడు. ఆయన్ని చెడ్డవాణ్ణి చేసి చెప్తే నాకు సుఖంగా ఉండేది గాని, కాదు. కుర్చీ వేయించాడు, నాన్న చెప్పిందంతా విన్నాడు. పొయ్యి ఉంటేనే కుటుంబం, పొయ్యి లేనిది గోడౌను, లెక్క తీయడానికి తమకున్న పద్ధతి ఇదేనని చెప్పాడు. రైలుగోడ పక్కనున్న కుంపట్లు ఏ ఇంటి లోపలా లేవు కాబట్టి వాటిని చిరుతిళ్ల బళ్ల కింద రాసుకున్నారట. చివరికి, ప్లాను హైదరాబాదు పంపేముందు తనే వస్తాననీ, ఇంట్లో పొయ్యి వెలుగుతుండగా చూస్తే రంగు మార్చేస్తాననీ మాటిచ్చాడు.

సందులో అందరూ దానికి సరేనన్నారు, నాయనమ్మ తప్ప. ఇన్నేళ్లు నిలబెట్టుకున్న మాట ఒక రంగు కోసం వదులుకోవాలా అని కోప్పడింది. నాన్న బతిమాలాడు, పక్కింటివాళ్లు బతిమాలారు. అమ్మ ఒక్క మాట కూడా అడగలేదు. అడగకుండా ఇంట్లో ఒక మూల ఎర్రమట్టితో అలికి, కుంపటి పట్టేంత జాగా చేసి ఊరుకుంది. నాయనమ్మ ఆ మూలకేసి రెండు రోజులు చూసి, నిప్పు వెలిగే గదిలో దూదిపోగు కూడా ఉండకూడదు, అట్లాగైతే వెలిగించుకోండి అంది.

అప్పుడు మేమూ ఒక ప్లాను వేసుకున్నాం. అది పెళ్లిళ్ల కాలం, ప్రతి ఇంట్లోనూ దూది నిండి ఉంది. ఆఫీసరు సందు మొదట్నుంచి చూసుకుంటూ వస్తాడు. మాది చివరి ఇల్లు, అన్నిటికన్నా పెద్దది. కాబట్టి ముందు అందరి దూదీ మా ఇంట్లో వేయాలి. ఆయన సగం ఇళ్లు చూసి ముందుకు రాగానే మా ఇంట్లో దూది ఎత్తి, కుంపట్లు ఆర్పేసిన ఆ ఇళ్లల్లోకి చేర్చాలి. ఆయన మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఇల్లు ఖాళీ అయి, కుంపటి వెలుగుతూ ఉండాలి. ఇంజనీర్లు వేసినదానికేమీ తీసిపోని ప్లానే.

ఆఫీసరు చెప్పిన రోజున, చెప్పిన వేళకే జీపు దిగాడు. మొదటి ఇంట్లో టీ కాగుతోంది, రెండో ఇంట్లో అన్నం ఉడుకుతోంది. ఆయన నవ్వుతూ ఒక్కో ఇల్లే గుర్తు పెట్టుకుంటూ వస్తున్నాడు. సందు సగం దాటాడో లేదో చినుకులు మొదలయ్యాయి. ఎండాకాలంలో ఎవరూ అనుకోని వాన. గూడ్స్ షెడ్డు అవతల మిరపకాయల రాసుల మీద టార్పాలిన్లు కప్పడానికి జనం కేకలు పెడుతూ పరిగెత్తడం వినిపిస్తోంది. మా ఇంట్లో దూది దూలాల దాకా ఉంది. అమ్మ అలికిన మూల ఒక్కటే ఖాళీ. మగవాళ్లు దూది మోయడానికి వచ్చి, వాన చూసి, చేతులాడక గుమ్మంలో నిలబడిపోయారు. తడిస్తే తడిసిందిలే ఎత్తండి అన్నాడు నాన్న. అది మనదా తడపడానికి, పెళ్లిపిల్లలవి అంది నాయనమ్మ.

ఆఫీసరు గొడుగు వేసుకుని మా గుమ్మం ముందుకి వచ్చాడు. ఆ దూది అందరిదీ అని పక్కింటాయన చెప్పాడు. ఇంకో రోజు రమ్మని నాన్న అడిగాడు. రేపు పొద్దున ప్లాను వెళ్లిపోతోంది, తన చేతిలో లేదన్నాడాయన. కుంపటిలో బొగ్గులు పేర్చి ఉన్నాయి. అమ్మ చేతిలో అగ్గిపెట్టె ఉంది. ఆయన అవన్నీ చూశాడు. చూసి, తన తప్పేదో తను దిద్దుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు.

"ఒక్క పుల్ల గీయండమ్మా. మంట కనపడితే చాలు, వెంటనే ఆర్పేయండి. నేను రాసుకుంటాను."

నాయనమ్మ అప్పటిదాకా గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. అమ్మ ముఖంలోకి చూసింది. ఏం కనిపించిందో, పక్కకి జరిగి దారి ఇచ్చింది.

"వెలిగించుకోవే. నేనేమీ అనను" అంది.

అమ్మ లోపలికెళ్లి కుంపటి ముందు కూర్చుంది. పుల్ల తీసి పెట్టెకి ఆనించింది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. గీయమ్మా, గీయి అని లోపల అరుస్తున్నాను. ఆ చెయ్యి కదల్లేదు. చెయ్యెత్తితే తగిలేంత దగ్గర్లో దూది ఉంది. అమ్మ దానికేసి చూసింది, మళ్లీ పుల్లకేసి చూసింది. ఆ సందుకి కోడలిగా వచ్చినప్పటినుంచీ గడప లోపల నిప్పు ముట్టుకోని చెయ్యి అది. ఆ బాలింత ఎవరో అమ్మకి తెలియదు, చూడలేదు. అయినా పుల్లని పెట్టెలో పెట్టేసి లేచి వచ్చింది.

"మాది ఇల్లేనండి. ఈ పిల్లని ఇక్కడే కన్నాను. కానీ ఈ దూది పక్కన పుల్ల గీయలేను" అంది. మగవాళ్ల ముందు ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను అదే మొదలు వినడం.

ఆయనకి నమ్మకం కుదిరిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అయితే ఆయన రాసుకోవాల్సింది నమ్మకం కాదు, పొయ్యి. నాన్నకి నమస్కారం పెట్టి, వానలోనే జీపు దగ్గరికి వెళ్లిపోయాడు.

నాకు అమ్మ మీద కోపం వచ్చింది. నేనైతే గీసేదాన్ని. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కోపం పూర్తిగా పోలేదు. ఒక మనిషి ఉన్నచోటు ఇల్లా కాదా అన్నది ఆ మనిషిని అడిగి తెలుసుకోవచ్చన్న ఆలోచన అంత పెద్ద కాగితం గీసినవాళ్లకి ఎందుకు రాలేదన్న కోపం అంతకన్నా ఎక్కువ.

సందు అంతా పసుపు రంగుకి మారింది, మా ఇల్లు తప్ప. మరుసటేడు సందు మొత్తం కూలగొట్టారు. మిగతావాళ్లు ఊరిచివర గదీ వంటిల్లూ ఉన్న ఇళ్లకి వెళ్లిపోయారు. పండగలప్పుడు వాళ్లు పంపే సేమ్యాలో ఎప్పుడూ జీడిపప్పు ఎక్కువగా ఉండేది, మా దూదిగది వల్లే కదా ఇళ్లొచ్చాయన్న మొహమాటంతో. మాకు షట్టరు గది ఇచ్చారు. నాన్న అందులో పరుపులు కుట్టాడు. మేం అద్దెకున్న వాటాలో వంటిల్లు ఇంటి ఓనరుగారితో ఉమ్మడి. వాళ్ల వంట అయ్యాక అమ్మ వండేది. తన సొంత వంటిల్లు చూడకుండానే పోయింది.

అయితే వాన వెలిసిన ఆ సాయంత్రం జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు. ఆఫీసరు వెళ్లాక అమ్మ ఆ అలికిన మూలలో గోడకి ఆనుకుని కూర్చుంది, లేవలేదు. నాన్నకి పిలవడానికి ధైర్యం చాలలేదు. నాయనమ్మే కుంపటి మోసుకుని ప్రహరీ దగ్గరికి వెళ్లింది. తడిగాలికి బొగ్గులు అంటుకోక అవస్థపడి, ఊది ఊది కళ్లు ఎర్రబడ్డాక, అన్నం వండి చింతపండు పచ్చడి నూరింది. మా ఇంట్లో నాన్న తిన్నాక నాయనమ్మ, ఆ తర్వాత నేను, అందరికన్నా ఆఖరున గిన్నె అడుగున మిగిలింది అమ్మ తినేవాళ్లం. ఆ రోజు నాయనమ్మ మొదటి పళ్లెం తెచ్చి అమ్మ ముందు పెట్టింది. మీరు తినకుండా నేనెట్లా తింటాను అత్తయ్యా అంది అమ్మ. నాయనమ్మ పచ్చడి కలిపి ముద్ద చేసి అమ్మ నోటికందించింది. అమ్మ ఏడుస్తూనే తింది.