కాలికి తెలియని కారు

మా బావ డ్రైవరు. ఈ మాట ఆయన వింటే ఒప్పుకునేవాడు కాదు. "డ్రైవర్లు వీధికి పదిమంది ఉంటార్రా, నేను డాక్టరమ్మగారి కారు నడుపుతాను" అనేవాడు. రెండింటికీ తేడా ఏమిటని అడిగితే, నట్లూ బోల్టులూ విప్పుకునేవాడికి చెప్పినా అర్థం కాదని తీసిపారేసేవాడు. నేను మెకానిక్కుని. ఆ కారుకి జబ్బు చేసినప్పుడల్లా నా షెడ్డుకే రావాలి, నా చేతిలోనే బాగుపడాలి. అయినా బావలు బామ్మర్దుల్ని లెక్కచేసిందెక్కడ? ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు తిట్టడానికి కూడా మనిషి లేడు.

డాక్టరమ్మ పిల్లల డాక్టరు. భర్త పోయాక, ఆస్పత్రి మానేశాక కూడా ఆ పెద్ద ఇంట్లో ఒక్కర్తే ఉండేది. కారు భర్త కొన్నది. నల్లగా, పొడుగ్గా, ముందు గదంత బానెట్టు, లోపల మనిషి మునిగిపోయేంత మెత్తటి తోలు సీట్లు. అది వీధిలోకి వస్తే జనం పనులాపి చూసేవారు. చూసేవాళ్లకేం, సుఖం. నడిపేవాడికి తెలుస్తుంది దాని సంగతి. పొద్దున్నే స్టార్టు చేయాలంటే చోక్ లాగి బతిమాలాలి. క్లచ్ తొక్కాలంటే ఒంటి బరువంతా కాలి మీదకి తెచ్చుకోవాలి. మలుపు తిప్పితే భుజాలు పీకేవి. బ్రేకు సంగతి సరేసరి, ఎక్కడ ఆపాలో అంతకుముందు చౌరస్తాలోనే తేల్చుకోవాలి. నేనొకసారి ఊరంతా తిప్పి, మర్నాడు నడుం పట్టేసి మంచం దిగలేదు. బావ మాత్రం వెనక కూర్చున్నావిడ చేతిలో నీళ్ల గ్లాసు తొణక్కుండా నడిపేవాడు.

"దున్నపోతురా ఇది. కొడితే కదలదు. దాని మనసు కనిపెట్టాలి" అనేవాడు.

"మా అక్క మనసు కనిపెట్టావా ఎప్పుడైనా?" అంటే, "ఆవిడకి చోక్ లేదుగా" అని నవ్వేవాడు.

అలా నవ్వుకుంటున్న రోజుల్లోనే, ఒక సాయంత్రం బావ ఒంటికాలి చెప్పుతో ఇంటికొచ్చాడు. గుమ్మంలో కూర్చున్న అక్క చూసి పడీపడీ నవ్వింది. "రెండోది ఎవరికి దానం చేసొచ్చారు?" బావ కిందికి చూసుకున్నాడు. కుడికాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో ఆయనకి తెలియదు. మెల్లిగా కాలు ఎత్తి చూస్తే అరికాల్లో గాజుపెంకు దిగి ఉంది, గుమ్మం దాకా నెత్తుటి మరకలు. "అరెరె" అన్నాడు తప్ప "అబ్బా" అనలేదు. అక్క నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

ఆస్పత్రిలో పరీక్షలు చేసి, షుగరు పాదాల్లో నరాలను తినేసిందన్నారు. ఉత్తకాళ్లతో నడవద్దన్నారు. ఏం పని చేస్తారని అడిగితే మా మహానుభావుడు "పెద్దింట్లో పని" అని ఊరుకున్నాడు. బయటికొచ్చాక నాకు ఒళ్లు మండిపోయింది.

"బావా, ఇక కారు మానెయ్యి."

"ఎందుకు మానాలి? పాదం పోతే పోయింది, మోకాలుందిగా. ఆ కారుని నేనెప్పుడూ పాదంతో నడపలేదురా."

నేను నమ్మలేదు. పక్కన కూర్చుని చూశాను. ఆయన చెప్పింది నిజమే. ఆ పెడళ్లు ఎంత మొండివంటే, తొక్కినప్పుడల్లా ఆ బరువు మోకాలికీ తొడకీ తెలుస్తుంది. ఇంజను గొంతు పెంచితే వేగం పెరిగిందని, దించితే తగ్గిందని చెవికి తెలుస్తుంది. అడుగున వణుకు సీటు దాకా వస్తుంది. చెవిటివాడికి చెప్పినట్టు, ప్రతిదీ గట్టిగా అరిచి చెప్పే కారు అది. అందుకే పాదం చచ్చిపోయిన మనిషికి కూడా లొంగింది. అయినా మానేయమనే చెప్పాను. వింటేగా.

డాక్టరమ్మ మంచి మనిషి. ఆ మంచితనమే కొంప ముంచింది. కారు దిగినప్పుడల్లా బావ మోకాలు నిమురుకోవడం ఆవిడ కంట పడింది. ఎవరికీ చెప్పాపెట్టకుండా ఆ పాత కారుని, సినిమాలవాళ్లకు అద్దెకిచ్చే ఒకాయనకు అమ్మేసింది. ఒకరోజు బావని పిలిచి కొత్త తాళం చేతిలో పెట్టింది.

"ఇన్నేళ్లూ నీ మోకాళ్లు అరగదీశాను. దీనికి క్లచ్ లేదు, గేర్ల గొడవ లేదు. ఈ వయసులో నాకెందుకయ్యా కొత్త కారు? నీ కోసమే కొన్నాను" అందట.

ఆ మాట నాకు చెబుతూ బావ నా షెడ్డులో టైర్ల మీద కూలబడ్డాడు.

"మరి నోరు పడిపోయిందా నీకు? అప్పుడే చెప్పకపోయావా?" అని అరిచాను.

"ప్రేమగా కలిపి పెట్టిన ముద్దలో ఉప్పెక్కువైందని ఎలా అంటాంరా?" అన్నాడు.

నిజం చెప్పాలి, అలాంటి కారు నేనూ అంతకుముందు ఎక్కలేదు. మొదటిసారి నన్ను ఎక్కించుకున్నప్పుడు బావ ఒక మీట నొక్కి ఊరుకున్నాడు. "ఇంకా స్టార్టు చేయవేం?" అన్నాను. "అయింది. ఇదిగో, దీపం వెలిగింది కదా, అయినట్టే" అన్నాడు. చప్పుడు లేదు, వణుకు లేదు. స్టీరింగు ఒంటివేలితో తిరుగుతుంది. గోతులు ఎప్పుడు దాటామో తెలియదు. ఎదురుగా ఉన్న తెరలోంచి ఒకావిడ, కుడికి తిరగండి, ఎడమకి తిరగండి అని చెబుతూ ఉంటుంది. "ఇంట్లో మీ అక్క, ఇక్కడ ఈవిడ. ఆడవాళ్లు చెప్పినట్టు తిరగడమే సరిపోయింది నా బతుక్కి" అన్నాడు బావ. నవ్వబోయి ఆయన కళ్లు చూసి ఆగిపోయాను. ఆ కళ్లు రోడ్డు మీద లేవు. ప్రతి చౌరస్తా దగ్గరా కిందికి, తన కాళ్లవైపు చూసుకుంటున్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ పెడళ్లు వెన్న. అలా ఆనించితే చాలు, దిగిపోతాయి. మోకాలి దాకా కబురే రాదు. ఇంజను మాట్లాడదు, సీటు వణకదు. కారు ఏం చెప్పినా పాదానికే చెబుతుంది. ఏ సుఖం కోసం లోకమంతా ఆ కారు కోరుకుంటుందో, ఆ సుఖమే మా బావ పాలిట శత్రువైంది. కాలు బ్రేకు మీదుందో, పక్కదాని మీదుందో, గాల్లో ఉందో, కంటితో చూస్తే తప్ప ఆయనకి తెలియదు.

"బావా, నీ కాళ్లు పట్టుకుంటాను, ఆవిడకి చెప్పెయ్. డాక్టరు కదా, అర్థం చేసుకుంటుంది."

"అర్థం చేసుకుని ఇంట్లో కూర్చోమంటుంది. కూర్చుని ఏం చెయ్యనురా? ఈ పని తప్ప నాకేం చేతనవును?" అన్నాడు. అంత మనిషీ మొహం అవతలికి తిప్పుకున్నాడు. నాకు జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి.

చేసేది లేక, టైరు ముక్క ఒకటి మందంగా కోసి బ్రేకు పెడలుకి అతికించాను, కాస్త ఎత్తుగా ఉంటే తొడకి తెలుస్తుందేమోనని. నాలుగు రోజులకే "లాభం లేదు, ఇంకాస్త మందం పెట్టు" అని పిలిచాడు. వెళ్లాను. ఎండ చల్లబడే వేళ. డాక్టరమ్మ ఇంటి కారు షెడ్డులో చూడడానికి చీకటిగా ఉంది, వరండా ముందుకు తెస్తాను రమ్మని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

కారు మెల్లిగా వరండావైపు వెళ్లింది. మా మాటలు విని డాక్టరమ్మ చేతికర్రతో మెట్లు దిగి వచ్చింది. బావ కాలు కదిపాడు. కారు ఆగలేదు. ఆవిడ ఇంకో అడుగు ముందుకు వేసింది. "బావా!" అని అరిచాను. ఆయన కాలు నొక్కుతూనే ఉన్నాడు, కారు ముందుకు పోతూనే ఉంది. ఇంతలో తెర మీద ఎర్రదీపం, గుయ్‌మని చప్పుడు, ఒక్క కుదుపుతో కారు నిలబడిపోయింది. ఆవిడ చీర కుచ్చెళ్లకీ కారుకీ మధ్య జానెడు జాగా లేదు.

డాక్టరమ్మ గుండె మీద చెయ్యేసుకుని నవ్వింది. "అబ్బ, ఏం బ్రేకు వేశావయ్యా! తప్పు నాదే, అడ్డం వచ్చాను. ఇంకొకడైతే ఈపాటికి నన్ను నలుగురు మోసుకెళ్లేవాళ్లు. అందుకే నీ కాలంటే నాకంత నమ్మకం."

నేను బావ కాలు చూశాను. బ్రేకు మీద లేదు.

అక్కడితో ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆవిడకి అనుమానమే లేదు. నేను ఎలాగూ చెప్పను. బావ మాత్రం దిగి, వెళ్లి, తాళం ఆవిడ చేతిలో పెట్టాడు.

"అమ్మా, ఆపింది నేను కాదు. మనిషి అడ్డమొస్తే దానంతటదే ఆగుతుందట, కారే ఆగింది. నా కాలు నడిపే పెడలు మీదే ఉంది" అన్నాడు. చెప్పు జారిపోయిన సాయంత్రం దగ్గర్నుంచి అంతా చెప్పాడు.

ఆవిడ నమ్మలేదు. మెట్టు మీద కూర్చోమంది. బూటు, మేజోడు విప్పించింది. కళ్లు మూసుకోమని, తాళం మొన అరికాల్లో గుచ్చింది. వేలి నుంచి మడమ దాకా గట్టిగా గీసింది. తెల్లటి చార పడింది. రెండోసారి గీసింది. ఆ చార ఎర్రబడింది. కళ్లు మూసుకునే ఉన్న బావ వినయంగా అడిగాడు.

"మొదలుపెట్టారా అమ్మా?"

డాక్టరమ్మ ఆ కాలిని ఒళ్లో పెట్టుకుంది. "ఎందరి పిల్లలకో జబ్బు కనిపెట్టాను. నువ్వు నా ముందే కూర్చున్నావు. నీ వీపు తప్ప ఇంకేం చూడలేదు నేను" అంది. "పాత కారు అమ్మకముందు ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

"చెబితే మాత్రం? అది కూడా నడపొద్దనే అనేవారు కదమ్మా" అన్నాడు బావ. ఆవిడ మేజోడు అందుకుని తనే ఆ కాలికి తొడిగింది.

కొత్త డ్రైవరు వచ్చాడు. బావ నా షెడ్డులో కూర్చోవడం మొదలుపెట్టాడు. వచ్చిన ప్రతి బండినీ తిట్టేవాడు, మధ్యాహ్నానికి మాట మానేసేవాడు. డాక్టరమ్మ మాత్రం ఆయన కాలిని వదల్లేదు. నెలకోసారి కారేసుకుని తనే వచ్చి, పాదాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. మొదటిసారి వచ్చినప్పుడు బావ అలవాటుగా ముందు తలుపు తియ్యబోయాడు. "నా పక్కన కూర్చో" అని వెనక తలుపు తెరిపించింది. నేను ముందు కూర్చున్నాను.

దారిలో చౌరస్తా వచ్చింది, ఎర్రదీపం పడింది. కొత్త డ్రైవరు చాలా దగ్గరిదాకా వచ్చి బ్రేకు వేశాడు. బావ ఏమంటాడోనని వెనక్కి తిరిగాను. వీపు నిటారుగా పెట్టి ఎదురుగా రోడ్డు చూస్తున్నాడు. కింద ఆయన కుడికాలు మాత్రం మ్యాట్‌ని నొక్కి పట్టి ఉంది. పచ్చదీపం పడగానే వదిలింది. తర్వాతి చౌరస్తాలో మళ్లీ నొక్కింది. ఆ కాలు ఆ పని చేస్తోందని ఆయనకి తెలియదు.

డాక్టరమ్మ కూడా చూసింది. నావైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఏంట్రా, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తావు?" అన్నాడు బావ.

"ఏం లేదు బావా" అని ముందుకు తిరిగి, ఆస్పత్రి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.